సరోజ కట్టించిన అల్మారా

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఏరు కూల్చిన ఇంటిని మళ్ళీ కట్టి చూడు అనే మాట వాళ్ళకు తోచలేదు. తోచి ఉంటే ముందు అదే అనేవాళ్ళు.

బల్లార్‌పూర్ బజారు వెనక వీధిలో ధనరాజ్ ఇంటికి యాభై ఆరో సంవత్సరం భాద్రపదంలో వర్ధా నది నీళ్ళు వచ్చాయి. వచ్చినవి మర్యాదగా పోలేదు. రెండు రోజులు నడుములోతున తిష్ఠ వేసి, పోతూ పోతూ మూడు మట్టిగోడలను కూల్చి, అతని భార్య సరోజ పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెక్క సందూకును బురద ముద్ద చేసి పోయాయి. మెరక మీదున్న కిరాణా దుకాణం మిగలబట్టి ఇంటిల్లిపాదికీ అన్నం దొరికింది. ఆ వెనకే దీపావళికి రాష్ట్రాలు మారాయి. మొన్నటిదాకా నదికి ఇవతల మధ్యప్రదేశ్, అవతల హైదరాబాదు రాష్ట్రం. ఇప్పుడు రెండు ఒడ్లూ బొంబాయి రాష్ట్రమే అన్నారు. ఏ రాష్ట్రమూ వచ్చి కూలిన గోడ లేపదు గనక సరోజ ఆ సంగతి పట్టించుకోలేదు. ఆమె గుండెను తొలుస్తున్న సంగతి వేరే ఉంది.

వరద నాటి నుంచి ఆమె తండ్రి రామకిషన్ కనబడటం లేదు.

ఆయనది నది అవతల, ఎగువన, రాజురా తాలూకాలో చిన్న ఊరు. ఇంటి ముందుగదే దుకాణం. దుకాణంలోకి ఎప్పుడైనా చెల్లని రూపాయి వస్తే ఆయన దాన్ని ఇంకొకరికి అంటగట్టేవాడు కాదు. గడపలో బిళ్ళంత గుంట చెక్కి, అందులో దాన్ని కూర్చి మేకు కొట్టేవాడు. ఆ వైపు వ్యాపారుల ఇళ్ళలో అది పాత అలవాటే. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో ఆయన మోసపోయింది మూడుసార్లేనని చెప్పడానికి ఆ గడపే సాక్ష్యం.

నీళ్ళు వస్తున్నాయని ఊరు ఊరంతా గుట్ట మీదికి పరుగెత్తిన సాయంత్రం, ఆయన భార్య లక్ష్మీబాయిని ముందు పంపించాడు. "నువ్వు నడువు, జొన్న బస్తాలు అటకెక్కిచ్చి తాళమేసి వస్త" అన్నాడు. వ్యాపారి కదా, ఏరు వస్తున్నా తాళం వెయ్యకుండా కదలడు. తెల్లారి చూస్తే తాళం లేదు, తలుపు లేదు, ఆ చోట ఇల్లే లేదు. నీళ్ళు తీశాక సరోజ తల్లిని తన దగ్గరికి తెచ్చుకుంది.

శవం దొరకలేదు. కబురు లేని మనిషి కోసం పన్నెండేళ్ళు చూడాలన్నాడు పురోహితుడు, చావు కబురు గనక తెలిస్తే దేహం లేకపోయినా మోదుగాకు బొమ్మ చేసి కాల్చి కర్మ చెయ్యవచ్చన్నాడు. అందుచేత లక్ష్మీబాయి నుదుట రూపాయంత బొట్టు అలాగే ఉంది, చేతుల నిండా గాజులు అలాగే ఉన్నాయి. వీధిలో ఆడవాళ్ళు ఆ బొట్టును చూసి చూపులు తిప్పుకొనేవాళ్ళు.

"బాపు బతికే ఉన్నడు," అనేది సరోజ, ఎవరు అడిగినా అడగకపోయినా. "ఆదిలాబాద్ దిక్కు ఎక్కడనో తేలి ఉంటడు. రాజురా కాయితాలన్ని కొత్త జిల్లా నాందేడుకు పోయినయంట. ఏ దఫ్తర్ల ఏం పేరు రాసుకున్నరో, ఎవరికి ఎరుక?" చెప్పగా చెప్పగా ఆ మాటను ఆమే నమ్మింది. నమ్మింది గనకనే కొత్త ఇంట్లో వెనక గది అమ్మకూ బాపుకూ అని నిర్ణయించింది, ఆ గది గోడకు కొలిచి చేయించిన అల్మారా ఉండాలంది.

ధనరాజ్ తల పట్టుకున్నాడు. "ఇటుకలకు, సున్నానికి, గూనపెంకలకు పోంగ చేతిల మిగిలేది రెండు వందలు. అండ్లనే తలుపులు, కిటికీలు. అల్మారా వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడు ఏరు రాదని మీకు ఎవరన్న చెప్పిండ్రా?"

ధనరాజ్ గోడ వైపు తిరిగాడు. కూలకుండా నిలిచిన నాలుగో గోడ మీద నీటి మరక ఇంకా ఉంది. ఆ మరకకు జానెడు పైన మొదలుపెట్టి దూలం దాకా అల్మారా గోడలోనే ఇమడాలని సరోజ పట్టు. సందూకు నేల మీద ఉంటుంది, నీళ్ళొస్తే మునుగుతుంది. గోడ అల్మారా మునగదు. ఆ లెక్క తప్పని ధనరాజ్ కూడా అనలేకపోయాడు.

వడ్రంగం చేసే వడ్ల ఇస్తారిని పిలిపించారు. అతను గోడను మూరలతో కొలిచి, గడ్డం గోక్కుని, సర్కారు కలప డిపో టేకు అయితే కట్టెకే నూట ఇరవై, కూలి వేరే అన్నాడు. ఊళ్ళో సగం ఇళ్ళు లేస్తున్న కాలం, వడ్లవాళ్ళ బాడిసకు అంత గిరాకీ ఎన్నడూ లేదు. బల్లార్‌పూర్ టేకుకు బొంబాయి దాకా పేరు. డిపో గోడ పక్కన కాపురముండేవాళ్ళకు మాత్రం ఆ పేరు వినడమే దక్కుతుంది.

సరోజ రెండు రోజులు ఆలోచించింది. దుకాణదారు బిడ్డ, దుకాణదారు పెళ్ళాం. ఎక్కడ విప్పాలో ఎక్కడ బిగించాలో ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు. తలుపు రెక్కలు పదిమంది కంట పడేవి, వాటికి డిపో టేకు. లోపలి అరలు బట్టల కింద దాగేవి, వాటికి పాత కట్టె చాలు. కనబడేది కొత్తది, కనబడనిది పాతది. ఖర్చు సగానికి దిగింది. ధనరాజ్ పెళ్ళాం వైపు మెచ్చుకోలుగా చూసి, "పాత కట్టె ఏడ దొరుకుతది?" అన్నాడు.

"విసాపూర్ల."

విసాపూర్ రేవులో పోశన్న అనే బెస్త మనిషి వరదలో కొట్టుకొచ్చిన కట్టెను పట్టి కుప్ప వేశాడు. అడవి దుంగలను అటవీ శాఖ వాళ్ళు బండ్ల మీద తీసుకుపోయారు. మిగిలింది ఇళ్ళ కట్టె. వాసాలు, తలుపు చెక్కలు, గుంజలు. నెలలు గడిచినా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఏరు తెచ్చిన ఇంటి కట్టెను ఇంట్లోకి తేకూడదని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. అందులోనూ గడప అయితే మరీ తప్పు. అది ఒక ఇంటి లక్ష్మి కూర్చున్న పీట. ఎంత లేనివాడైనా పశువుల కొట్టానికి వాడతాడు, పొయ్యిలో పెడతాడు గానీ గదిలో పెట్టుకోడు.

"కొట్టానికి పనికొచ్చే టేకు అల్మారాకు పనికిరాదా?" అంది సరోజ. ఆచారం మీద ఆమెకు గౌరవం లేక కాదు. డిపో ధర విన్నాక ఆచారం కాస్త వెనక్కు జరిగింది.

బండి కట్టించుకుని తనే వెళ్ళింది. కుప్ప అంతా బురద పట్టి, ఎండి, ఏది వాసమో ఏది గుంజో తెలియకుండా ఉంది. పోశన్న నెరిసిన గడ్డం మనిషి, మాట తక్కువ. సరోజ గోటితో గీకి గీకి టేకు ముక్కలు నాలుగు ఏరింది. వాటిలో ఒకటి బెత్తెడు మందాన దూలంలా ఉంది. నిలువునా కోయిస్తే రెండు పలకలొస్తాయి.

"నాలుగింటికి నలభై," అన్నాడు పోశన్న.

సరోజ నవ్వింది. బేరం మొదలుపెట్టేటప్పుడు ఆమె నవ్వే నవ్వు అది. "చచ్చినోళ్ళ ఇంటి కట్టె పోశన్నా. ఎవరు కొంటరు? ఇంకో వానకాలం ఉంచుకుంటే చెదలే తింటయి."

పోశన్న ఆమె ముఖంలోకి చూశాడు. ఏ ఊరు అమ్మా పుట్టినిల్లు అని అడిగాడు. ఆమె ఊరి పేరు చెప్పింది. అతను చాలాసేపు నది వైపు తిరిగి నిలబడి, "నీ ఇష్టమమ్మా. ఎంతిస్తె అంతియ్యి," అన్నాడు.

పదిహేను ఇచ్చింది. ఇంత తేలిగ్గా దిగిన బేరం ఆమె జన్మలో చూడలేదు. బండి మీద తిరిగొస్తూ, ఇంకో మూడు తగ్గించి ఉండాల్సిందేమో అని కూడా అనుకుంది. బాపు బతికే ఉన్నాడు గనక ఆ కుప్పలో తన ఇంటి కట్టె ఉండవచ్చన్న ఊహ ఆమె దగ్గరికి రానే లేదు.

ఇస్తారి ఆ దూలం మీది బురద గీకి పెదవి విరిచాడు. "సావుకారమ్మా, గిది గడప. పసుపు ఎట్ల ఇంకిందో చూడు."

"రందా కొట్టి నున్నగ చెయ్యి, పోతది."

"నా మీదికి ఏమన్న వస్తే?"

"నీకు కూలి వస్తది."

ఇస్తారి రంపం అందుకున్నాడు. అతని పాపభయం కూడా ఊళ్ళో అందరి పాపభయం లాంటిదే, కూలి మాట వచ్చేసరికి సర్దుకుంది. గడపను నిలువునా కోసి రెండు పలకలు చేశాడు. మధ్యాహ్నం వంటింటి గుమ్మం దాకా వచ్చి మళ్ళీ పిలిచాడు.

"ఒక పలకకు మూడు గుంటలున్నయి, గుండ్రంగ. లక్క పోసి నింపుదునా? రెండు రూపాయలైతది."

సరోజ చేతిలో గరిట ఆగింది. గుండ్రంగా మూడు గుంటలు. వెంటనే తనను తాను కసురుకుంది. వ్యాపారులుండే ఊళ్ళల్లో ఏ గడపకు గుంటలుండవు? పొయ్యి మీద పప్పు పొంగుతోంది. లేచి వెళ్ళి చూడాలంటే పప్పు దించాలి. తరువాత ఆ పప్పును ఆమె ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు. నిజానికి పప్పు దించడానికి ఎంతసేపు పడుతుంది? చూడబుద్ధి కాలేదు, అంతే.

"అడుగుకు తిప్పు," అంది. "కనబడనిదానికి లక్కెందుకు?"

మాఘమాసంలో అల్మారా పూర్తయింది. తలుపు రెక్కలు తేనెరంగులో నిగనిగలాడాయి. వీధిలో ఆడవాళ్ళు వచ్చి తెరిచి మూసి చూశారు. ధనరాజ్ కూడా దుకాణంలో ఎవరు కూర్చున్నా అల్మారా సంగతే ఎత్తి, ఎంతలో అయిందో మాత్రం చెప్పకుండా మురిసిపోయాడు. కింది అర లక్ష్మీబాయి చీరలకు, పై అర పిల్లల బట్టలకు. నడిమి అర బాపుది అంది సరోజ. ఆయన వచ్చేదాకా అందులో ఉంచడానికి ఆయన తమలపాకుల డబ్బా ఒక్కటే మిగిలింది. గుట్ట మీదికి పరుగెత్తిన నాడు లక్ష్మీబాయి చేతికి అందింది అదే.

శుక్రవారం పొద్దున లక్ష్మీబాయి తలస్నానం చేసి, ఆ డబ్బాను తుడిచి నడిమి అరలో పెట్టబోయింది. ఆమె పొట్టి మనిషి, ఆ అర తల కన్నా ఎత్తు. ఒక చేత్తో డబ్బా లోపలికి తోస్తూ, రెండో చేత్తో పలక అంచు పట్టుకుని మునివేళ్ళ మీద లేచింది. పలక కిందికి పోయిన వేళ్ళు ఆగాయి.

సరోజ వెనక నుంచి చూస్తోంది. తల్లి వేళ్ళు పలక అడుగున మెల్లగా కదిలాయి. ఒక గుంట. దాని పక్కనే ఇంకొకటి. తరువాత చాలా దూరం జరిగి మూడోది. మళ్ళీ మొదటికి వచ్చాయి. ముప్పై ఏళ్ళు శుక్రవారం శుక్రవారం పసుపు రాసిన వేళ్ళు అవి. వాటికి కళ్ళతో పని లేదు.

"రెండు దగ్గర దగ్గర," అంది లక్ష్మీబాయి, ఇటు తిరగకుండానే. "నడుమ కట్టెకు ముడి ఉండె. మేకు దిగలె. అందుకని మూడోది గంత ఎడం కొట్టిండు."

సరోజ వచ్చి అల్మారా రెక్క పట్టుకుంది.

"ఈ చెక్క ఎక్కడిది బిడ్డా?"

"విసాపూర్ల కొన్న."

లక్ష్మీబాయి చెయ్యి దించింది. "అమ్మినాయన్ను అడిగి రా. చెక్క ఒక్కటే వచ్చిందా అని అడుగు."

విసాపూర్ దాకా సరోజ నడిచే వెళ్ళింది. బండి కట్టమని ఎవరినో అడగాలన్న ధ్యాస కూడా లేదు. దారి పొడుగునా ఒకటే మొక్కు, చెక్క ఒక్కటే వచ్చిందని అనాలి. పోశన్న పడవకు తారు పూస్తున్నాడు. ఆమెను చూడగానే చేతిలో గుడ్డ కింద పెట్టాడు.

"ఆ గడప ఒక్కటే వచ్చిందా పోశన్నా?"

అతను తెల్లబోయాడు. "నీకు ఎరుకనే అనుకున్ననమ్మా."

"నాకేం ఎరుక?"

"చచ్చినోళ్ళ ఇంటి కట్టె అంటివి గద. మొఖం గా పెద్దాయన పోలికనే, ఊరు అడిగితే ఏరు ముంచిన గా ఊరే చెప్తివి. ఇంటి బిడ్డ వచ్చింది, బాపు మీద ప్రేమతోని కొనుక్కపోతుంది అనుకున్న. ఇగ బేరం చెయ్యబుద్ధి కాలె. గందుకే ఎంతిస్తె అంత పట్టుకున్న."

సరోజ ఇసుకలో కూలబడింది. పోశన్న కూడా కొంచెం దూరంగా కూర్చుని మిగతాది చెప్పాడు. దర్వాజా మొత్తం, గడపతో సహా విడిపోకుండా వచ్చిందట. దాన్ని పట్టుకుని ఒక పెద్దమనిషి. మునిగిపోకుండా ధోతి చింపి నడుమును గడపకు కట్టుకున్నాడు. ఒడ్డుకు లాగేసరికి పానం లేదు. మొలతాడుకు పెద్ద తాళంచెవి వేలాడుతోంది.

"ఠాణాల ఎందుకు చెప్పలె?"

"మనిషి అవతలి ఒడ్డోడు, దొరికింది ఇవతల. అప్పుడు అటు హైదరాబాదు, ఇటు మధ్యప్రదేశ్. ఎవని శవం, ఎవని పంచనామా అని నన్నే ఇటు చాందా ఠాణాకు, అటు రాజురా ఠాణాకు తిప్పుదురు. బీదోన్ని. మొక్కి, ఇసుకలనే పెట్టిన. తాళంచెవి ఆయనతోనే పెట్టిన." నది వైపు చెయ్యి చూపి అన్నాడు, "దసరాకు మల్ల నీళ్ళొచ్చినయి గదమ్మా. ఆ జాగ ఇప్పుడు లేదు."

గడపకున్న బిళ్ళలు వెండివనుకుని పీకానని, అవి సీసమని తేలితే ఏట్లో పారేశానని కూడా అతను దాచకుండా చెప్పాడు. సరోజకు అతని మీద కోపం రాలేదు. కోపం వస్తే కొంత తేలికయ్యేది. తన నవ్వే తనకు గుర్తొచ్చింది, ఆ కుప్ప పక్కన నిలబడి నవ్విన నవ్వు. తండ్రి చివరిసారి పట్టుకున్న చెక్కకు ధర తగ్గించడానికి ఆయన చావునే చూపించింది. ఆమె గట్టిగా ఏడ్చింది. పోశన్న నది వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చేసరికి లక్ష్మీబాయి అల్మారా ముందే కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి కదల్లేదని ధనరాజ్ సైగ చేశాడు.

"ఒక్కటే వచ్చిందా?" అంది తల్లి.

అబద్ధం నాలుక దాకా వచ్చింది. చెబితే ఆ బొట్టు ఇంకో పన్నెండేళ్ళు ఉంటుంది. కానీ ఆ వేళ్ళు పలక కింద కదలడం సరోజ చూసింది. వాటికి అబద్ధం చెప్పడం ఆమె వల్ల కాలేదు.

"లేదమ్మా," అంది.

లక్ష్మీబాయి కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇస్తారిని పిలువుండ్రి," అంది. "ఆ పలక తియ్యమను. మోదుగాకు బొమ్మ వద్దు. ఆఖరుకు ఆయన్ని పట్టుకున్నది అదొక్కటే. దాన్నే కాల్చుండ్రి."

పురోహితుడు శాస్త్రంలో అలా లేదని నసిగాడు. శాస్త్రంలో లేనివి ఆ ఏడాది చాలా జరిగాయి. ధనరాజ్ చెబితే ఒప్పుకున్నాడు. ఇస్తారి మేకులు పీకి పలకను దించి, ఎవరి ముఖమూ చూడకుండా కూలి అడక్కుండా వెళ్ళిపోయాడు. ఆ అరకే వెనక వైపు వేసిన రెండో పలక కూడా తెచ్చి దాని కింద పెట్టారు. పెరట్లో పీట మీద గడప మళ్ళీ గడపంత అయింది.

లక్ష్మీబాయి పసుపు కలుపుకొచ్చి, మూడు గుంటల చుట్టూ, అంచుల దాకా, శుక్రవారం రాసినట్టే నింపాదిగా రాసింది. మూడు కుంకుమ బొట్లు పెట్టింది. నాలుగో బొట్టు పెట్టబోయి, ఆ వేలితో తన నుదుటి బొట్టు తుడిచేసుకుంది. గాజుల సంగతి పక్కింటి ముసలమ్మ చూసుకుంది. ఆ చప్పుడు వినలేక సరోజ వీధిలోకి వచ్చింది.

వీధిలో కట్టెల బండి నిలబడి ఉంది. పలకలు రెండే కాలవు గనక కింద పేర్చడానికి ధనరాజ్ తెప్పించాడు. బండివాడు ధర చెప్పాడు. ధనరాజ్ అలవాటు చొప్పున తగ్గించమని నోరు తెరిచాడు.

"అడిగినంత ఇయ్యుండ్రి," అంది సరోజ.

కొడుకులు లేరు గనక నది ఒడ్డున నిప్పు పెట్టింది అల్లుడే. పాత టేకు చాలాసేపు కాలిందని, నూనె కక్కుతూ కాలిందని అతను వచ్చి చెప్పాడు. చెప్పకపోయినా బాగుండేది.

పన్నెండో రోజు అయ్యాక ఇస్తారి వచ్చి, డిపో టేకు ముక్క మిగిలింది, నడిమి అరకు కొత్త పలక వేసిపోతానన్నాడు. సరోజ వద్దంది. ఉగాది ముందర మళ్ళీ వచ్చాడు. మళ్ళీ వద్దంది. బట్టలు కింది అరలో, పై అరలో ఇరికించి, నడిమి జాగా గోడ కనబడేలా వదిలేసింది. తమలపాకుల డబ్బాను లక్ష్మీబాయి తన పక్క కింద పెట్టుకుంది. ఒకనాడు ధనరాజ్ ఉండబట్టలేక, పోనీలే, తలుపులు మూస్తే కనబడదు గద అన్నాడు.

సరోజ తలుపులు మూసింది. మూసినా ఆమెకు కనబడుతూనే ఉంది.